ఒక షాకిల్ తారీఖు

తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్‌కు తేదీ అనే అర్థం ఉంది, చరిత్ర అనే అర్థమూ ఉంది. చందానగర్‌లో మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడి ఉన్న ఫార్గో లారీకి ఒక ఇనుప పుర్జా వెతకబోయి నేను ఈ రెండో అర్థంలోకి దిగిపోయాను. ఆ పుర్జా పేరు షాకిల్. చేతిలో పట్టేంత వస్తువు. దాని కోసం నాలుగు నెలలు తిరిగాను. తిరిగిన దారిలో తెలిసిన సంగతులు ఇక్కడ రాసిపెడుతున్నాను. పాత బండి పెట్టుకున్నవాళ్లకు పనికొస్తాయి. హైదరాబాద్ తారీఖ్ మీద షౌక్ ఉన్నవాళ్లకు కూడా పనికొస్తాయనుకుంటున్నాను.

ముందు షాకిల్ అంటే ఏమిటో చెప్పాలి. లారీ ఇరుసు పైన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటారు. దాన్ని మన మెకానిక్కులు కమాన్ కట్ట అంటారు. కమాన్ ఫార్సీ మాట. అర్థం విల్లు. విల్లులా వంగి ఉంటుంది కాబట్టి తలుపు మీది ఆర్చీని కూడా కమాన్ అన్నారు. చార్మినార్ దగ్గరి చార్ కమాన్‌లో ఉన్నదీ, లారీ కింద ఉన్నదీ ఒకే మాట. అయితే రాతి కమాన్ కదలదు, ఉక్కు కమాన్ కదలాలి. బండి మీద బరువు పడితే విల్లు సాగి తిన్నగా అవుతుంది. తిన్నగా అయినప్పుడు రెండు చివరల మధ్య దూరం పెరుగుతుంది. రెండు చివరలనూ ఛాసీకి బిగించేస్తే ఆ పెరిగే దూరానికి చోటుండదు, పట్టీ విరుగుతుంది. అందుకని ఒక చివరను పిన్నుతో ఛాసీకి బిగిస్తారు. రెండో చివరను మాత్రం రెండు పలకలు, రెండు పిన్నులు ఉన్న జోడుతో కలుపుతారు. పై పిన్ను ఛాసీ బ్రాకెట్‌లో, కింది పిన్ను కమాన్ కన్నులో ఉంటాయి. ఆ జోడు ముందుకూ వెనక్కూ ఊగుతూ కమాన్‌కు జాగా ఇస్తుంది. అదే షాకిల్.

అంత చిన్న వస్తువు పాడైతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. 1994 ఎండాకాలం. మా ఫార్గో అప్పటికే నీళ్ల ట్యాంకరు అయింది. సీజను మధ్యలో వెనక ఎడమ షాకిల్ అరిగిపోయింది. కొత్తది తేవాలంటే ఒకరోజు బండి ఆగాలి. అబ్బా ఆగలేదు. విరిగిన కమాన్ పట్టీ ముక్క తీసుకుని, గ్యాసుతో కోయించి, గ్యాసుతోనే కన్నాలు పెట్టించి, వెల్డింగు చేయించి బిగించేశారు. పదకొండో రోజున నిండు ట్యాంకుతో గుంతలో దిగినప్పుడు ఆ పలక కన్నం అంచున పగిలింది. బండి ఒక్కసారిగా ఎడమకు ఒరిగింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్న మా క్లీనర్ అన్న కింద పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది, అల్లా కా షుకర్. కానీ ఆయన ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అబ్బా ఆ తర్వాత ఆ బండి స్టీరింగు పట్టుకోలేదు. జీతం మీద డ్రైవర్లను పెట్టి కొన్నేళ్లు నడిపించి, చివరికి వేపచెట్టు కింద ఆపేశారు.

ఇప్పుడు ఆ జాగాలో అపార్ట్‌మెంట్ కట్టాలని మా అన్నదమ్ములం నిర్ణయించుకున్నాం. బండి కదలాలి. కబాడీవాడు గ్యాస్ కట్టరుతో వస్తానన్నాడు. హైటెక్ సిటీలో నౌకరీ చేసే మా మేనల్లుడు ఒప్పుకోలేదు. మరమ్మత్తు చేయించి, ఫిట్‌నెస్ పరీక్షకు నిలబెట్టి, బొంబాయి రోడ్డు మీదుగా సదాశివపేటలో మా ఫుఫీ వాళ్ల పొలానికి చేరుస్తానన్నాడు. అబ్బా మంచం మీది నుంచి ఒకటే షరతు పెట్టారు. "నడిపితే నడపండి బేటా. ముందు నాలుగు షాకిళ్లూ మార్చండి. నేను వేయించిన రకంవి కాదు."

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయి "ఫార్గో షాకిల్ ఉందా?" అని అడిగాను. ఒక దుకాణంలో నవ్వారు. ఇంకో దుకాణంలో ఏదో చేతిలో పెట్టారు. అది మా బండికి పట్టలేదు. మూడో దుకాణంలో గల్లా మీద కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైకెత్తి, "నామ్ నక్కో, నాప్ లావ్" అన్నారు. పేరు వద్దు, కొలత తీసుకురా అని. మా దక్కనీలో నాలుగే మాటలు. వాటి విలువ నాకు బండి కింద పడుకున్నాకే తెలిసింది.

ఎందుకు పేరు వద్దన్నారో అర్థం కావాలంటే ఫార్గో కథ తెలియాలి. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. అమెరికా క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం. క్రైస్లర్‌కు ఒక అలవాటు ఉండేది. దాదాపు ఒకే లారీకి ముందు బిళ్ల మార్చి డాడ్జ్, డిసోటో, ఫార్గో అని వేర్వేరు పేర్లతో అమ్మేది. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. కాబట్టి ఫార్గో పుర్జా వెతికేవాడు డాడ్జ్ అనీ డిసోటో అనీ కూడా అడగాలి. ఇది పేరుతో వచ్చే మొదటి ధోకా.

రెండో ధోకా ఇంకా పెద్దది. మన దగ్గర ఏ పాత లారీ కూడా పుట్టినప్పటి ఒంటితో లేదు. అమెరికా నమూనా బండిలో మద్రాసు సింప్సన్ కంపెనీ చేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజను ఉంటుంది. మా బండికీ అదే. 1980 ప్రాంతంలో వెనక కమాన్లు అలిసిపోతే అబ్బా టాటా బండి కమాన్ కట్టలు వేయించారు. అప్పటికి రోడ్డు మీద అంతా టాటాలే. జంషెడ్‌పూర్‌లో టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. 15 ఏళ్ల ఒప్పందం 1969లో ముగిసింది. బండి మూతి మీద బెంజ్ నక్షత్రం పోయి టీ అక్షరం వచ్చింది. నక్షత్రం పోయినా జర్మనీ కొలత పోలేదు. టాటా పుర్జాలు మిల్లీమీటర్లలో ఉండేవి. ఫార్గో ఛాసీ అంగుళాలలో ఉంది. మా షాకిల్ పై పిన్ను అమెరికా అంగుళాల బ్రాకెట్‌లో దూరాలి, కింది పిన్ను మిల్లీమీటర్ల కమాన్ కన్నులో దూరాలి. అలాంటి షాకిల్ ఏ కంపెనీ కూడా ఎప్పుడూ తయారు చేయలేదు. మరి అబ్బా బండి పద్నాలుగేళ్లు ఎలా నడిచింది? ఎవరో మిస్త్రీ చేతితో చేసి ఇచ్చాడు కాబట్టి.

ఆ మిస్త్రీ చేయి ఎక్కడి నుంచి వచ్చింది? నాకు ముఖ్యంగా ఆసక్తి కలిగించిన తారీఖ్ ఇదే. అది మా ఇంటికి కూతవేటు దూరంలోని రైలు పట్టాల దగ్గర మొదలవుతుంది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు లైను 1874లో వచ్చింది. ఇప్పుడు చందానగర్, లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్లు నడిచేది ఆ లైను మీదే. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. నాలుగు చక్రాల వ్యాగన్లకు కూడా కమాన్ కట్టలే ఉంటాయి, వాటికీ షాకిళ్లు ఉంటాయి. అంటే హైదరాబాదీ చేతులు మోటారు లారీని చూడకముందే ఈ పుర్జాను విప్పడం, అరిగిన కన్నాన్ని బాగుచేయడం నేర్చాయి.

1930లో ఆ రైల్వేను నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్ 15న, అదే రైల్వేలో ఒక శాఖగా రోడ్డు ట్రాన్స్‌పోర్టు డిపార్ట్‌మెంటు మొదలైంది. 27 బస్సులు, 166 మంది నౌకర్లు. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో తయారైనవి. దక్కన్ క్వీన్ అని పిలిచే ఒక ఆల్బియన్ బస్సును ముషీరాబాద్ బస్ భవన్‌లో జ్ఞాపకంగా ఉంచారు. చూసేవాళ్లు దాని రంగు, సీట్లు చూసి వస్తారు. ఈసారి వెళితే వంగి కింద కమాన్లు చూడండి. రైల్వే చేతులు రోడ్డు మీదికి వచ్చింది అక్కడే. మా దాదా ఆ శాఖ షెడ్డులో ఖలాసీ. ఆయనకు చదువు లేదు. వేలి కణుపులతో నాప్ తీసేవారని అబ్బా చెబుతారు.

షెడ్డులో మాటలు గమనించండి. పని నేర్పేవాడు ఉస్తాద్. నేర్చుకునేవాడు షాగిర్ద్. సామాను ఔజార్. భాగం పుర్జా. తుప్పు జంగ్. కొలిమి భట్టీ. లేత్ మిషను ఖరాద్. మాదిరి నమూనా. చివరికి మనం అచ్చ తెలుగు అనుకునే మరమ్మత్తు కూడా అరబ్బీ నుంచి వచ్చిన మరమ్మత్. బండి విలాయతీది, మాట ఉర్దూది, పని చేసేవాళ్లలో తెలుగువాళ్లూ ముసల్మానులూ మరాఠీలూ అందరూ. 1948 సెప్టెంబరు తర్వాత నిజాం సర్కారీ నౌకరీలు చాలా కుటుంబాల చేయి జారాయి. చేతిలో ఔజార్ ఉన్నవాడు మాత్రం పస్తుండలేదని దాదా అనేవారట. రోడ్డు ట్రాన్స్‌పోర్టు 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి పోయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. బోర్డు మారినా షెడ్డులో ఖరాద్ ఖరాద్‌గానే ఉంది, ఉస్తాద్ ఉస్తాద్‌గానే ఉన్నాడు.

యుద్ధం ముగిశాక డిస్పోజల్ బళ్లు వచ్చాయి. ఫౌజు వదిలేసిన జీపులు, లారీలు. విల్లీస్ జీపు షాకిల్ మన షాకిల్ లాంటిది కాదు. ఇంగ్లీషు యూ అక్షరంలా వంచిన కడ్డీ. దాని చివరలకు మరలు, ఆ మరల మీద తిరిగే బుషులు. కొన్ని చోట్ల ఆ మర ఉల్టా, ఎడమకు తిరిగేది. తెలియనివాడు కుడి మర బుషు బలవంతంగా ఎక్కిస్తే రెండూ పాడవుతాయి. ఆల్బియన్ చదివిన చేతులు అలాంటి కొత్త పాఠాలు కూడా నేర్చుకున్నాయి. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది. 1980ల్లో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. జహీరాబాద్ మా బొంబాయి రోడ్డు మీదే. మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా అంటే ఇప్పటికీ ఆటోవాళ్లకు తెలుసు. కంపెనీ పోయింది, పేరు చౌరస్తాకు మిగిలింది.

చందానగర్ అప్పట్లో ఆ రోడ్డు పక్కన ఒక ఊరు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, తర్వాత పటాన్‌చెరు కార్ఖానాలు వచ్చాయి. లారీలు పెరిగాయి. అబ్బా ఫార్గో కొన్నది ఆ గిరాకీ చూసే. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అద్దాల బిల్డింగులు లేచాయి, బోర్లు ఎండాయి. ఈ ఇలాకా ఎంతగా కంప్యూటర్ల మీద నడుస్తుందో, ఎండాకాలంలో అంతగా నీళ్ల ట్యాంకర్ల మీద నడుస్తుంది. మా ఫార్గో కొంచెం ముందే ట్యాంకరు అయింది. 5,000 లీటర్ల నీళ్లంటే నీళ్ల బరువే 5 టన్నులు. పైగా నీళ్లు కదులుతాయి. బ్రేకు వేస్తే ముందుకు, మలుపు తిప్పితే పక్కకు తోస్తాయి. ఆ తోపుడు కమాన్‌కూ షాకిల్‌కూ చేరుతుంది. ఇసుక మోసే రోజుల్లో సరిపోయిన షాకిల్ నీళ్లు మోసే రోజుల్లో తొందరగా అరిగిపోవడానికి కారణం అదే.

ఇక నాప్ విషయం. ఉస్తాద్ మాట విన్నాక మేనల్లుడూ నేనూ బండిని జాకీల మీద, చెక్క దిమ్మల మీద నిలబెట్టి పాత షాకిళ్లు విప్పాం. ముఖ్యమైన కొలత రెండు పిన్నుల నడిమి నుంచి నడిమికి దూరం. కన్నాలు అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే నడుమ ఎక్కడో తెలియదు. దానికి సులువు ఉంది. రెండు కన్నాల దూరపు అంచుల మధ్య కొలవండి, దగ్గరి అంచుల మధ్య కొలవండి, రెండూ కలిపి సగం చేయండి. అయితే కన్నాలు అరగని పలక మీద కొలవాలి. మా నాలుగు జతల్లో ఒక్క పలకే అలా దొరికింది. నాలుగున్నర అంగుళాలు వచ్చింది. పిన్ను మందం కూడా అరిగిన చోట కొలవకూడదు. పలక లోపల దాగి, తిరగని చోట కొలవాలి. పై పిన్ను అంగుళం పావు, అంటే 31.75 మిల్లీమీటర్లు. కింది పిన్ను 30. బ్రాకెట్ వెడల్పు రెండున్నర అంగుళాలు, అంటే 63.5. కమాన్ వెడల్పు 70. తేడా 6.5. పలకలు తిన్నగా నిలబడాలంటే పైన ఇటు 3.25, అటు 3.25 మిల్లీమీటర్ల వాషర్లు పడాలి. పాత మిస్త్రీ సరిగ్గా అవే వేసి ఉంచాడు. అరిగి కాగితంలా అయ్యాయి. చూసి ఆయనకు మనసులోనే సలాం చెప్పాను.

"కొంచెం పొడుగు షాకిల్ వేస్తే బండి ఎత్తుగా ఉంటుంది కదా మామూ?" అన్నాడు మేనల్లుడు. చాలామంది షోకు కోసం అదే చేస్తారు. రెండంగుళాలు పొడుగు చేస్తే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. కమాన్‌కు ఒక చివర మాత్రమే జరిగింది, ఇరుసు నడుమ ఉంది కాబట్టి. ఆ ఒక్క అంగుళం కోసం బండి పక్కలకు ఊగుతుంది. ముందు ఇరుసుకు చేస్తే దాని వాలు మారి స్టీరింగు దారి తప్పుతుంది. పొట్టిది వేస్తే ఊగడానికి జాగా చాలక కమాన్ కన్ను దగ్గరే విరుగుతుంది. అందుకని షాకిల్ కోణాన్ని ఖాళీ బండికి ఒకసారి, నిండు బండికి ఒకసారి చూడాలి. రెండుసార్లూ అది దేనికీ తగలకుండా ఊగాలి.

నాప్ కాగితం పట్టుకుని మళ్లీ రాణిగంజ్ పోయాను. ముందు షాకిళ్లు పూర్తిగా అంగుళాల కొలతవే. డాడ్జ్ పేరుతో పాత స్టాకులో ఒక జత దొరికింది. వెనకవి దొరకవని తేలింది. విజయవాడ ఆటోనగర్‌కు కూడా ఫోన్లు చేసి, కొలతలు పంపి చూశాం. అక్కడివాళ్లూ ఉస్తాద్ చెప్పిందే చెప్పారు, చేయించుకోవాల్సిందే అని. బాలానగర్‌లో ఒక చిన్న ఖరాద్ షాపు పట్టుకున్నాం. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చిన ఇలాకా అది. కొలత అంటే ఏమిటో గల్లీ గల్లీకి తెలుసు. అక్కడి మిస్త్రీ మా 1994 కథ విని తల ఊపాడు. కమాన్ ఉక్కు సాగడానికి పుట్టింది, దాన్ని గ్యాసుతో కాలిస్తే అంచు పెళుసవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది అన్నాడు. మధ్యరకం కార్బన్ ఉక్కును భట్టీలో సాగగొట్టి పలకలు చేయించాడు. కన్నాలు ఖరాద్ మీద తొలిచాడు, పైది అంగుళాలలో, కిందిది మిల్లీమీటర్లలో. పిన్నులు పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉండేలా కాల్చి చల్లార్చాడు. కంచు బుషులు, గ్రీజు నిపుళ్లు. వెల్డింగు ఒక్క చుక్క లేదు. ఒకవైపే పాడైనా రెండు వైపులా మార్చాలన్నాడు. కొత్తదీ పాతదీ పక్కపక్కన ఉంటే బండి ఒరుగుతుంది.

ఈ సందర్భంలో ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. బండి రూపాన్ని రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా మార్చకూడదు అంటుంది. మా ట్యాంకరు మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉంది, అందుకే ముందుకు పోగలిగాం. మీది లేకపోతే షాకిల్ కొనే ముందు ఆ సంగతి చూసుకోండి.

బిగించిన రోజు క్లీనర్ అన్నను పిలిచాం. రాడేమో అనుకున్నాను. కర్ర పట్టుకుని వచ్చాడు. కింద కూర్చుని వెనక ఎడమ షాకిల్‌ను చేత్తో తడిమాడు. వెల్డింగు కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. తర్వాత ట్యాంకు సగం నింపమన్నాడు, చూశాడు. పూర్తిగా నింపమన్నాడు, మళ్లీ చూశాడు. "ఊగుతుంది" అన్నాడు. అంతే. అబ్బాను కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తెచ్చాం. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత అబ్బా, "ఆ రోజు ఒక్కరోజు బండి ఆపి ఉంటే..." అన్నారు. అన్న ఆ మాట పూర్తి కానివ్వలేదు. "చాయ్ తెప్పించు సాబ్" అన్నాడు.

మేము చేసిన ఆఖరి పని ఒకటి చెప్పి ముగిస్తాను. పలకలు చేసేటప్పుడు బాలానగర్ మిస్త్రీని అడిగి వాటి లోపలి వైపు పంచ్‌తో నాప్ కొట్టించాం. పైన 31.75. కింద 30. నడుమ 114.3. మళ్లీ ఎవరైనా ఈ బండి కింద పడుకుంటే పేరు చూసి మోసపోకూడదు, నాలుగు నెలలు తిరగకూడదు. పాత మిస్త్రీ అలా రాసిపెట్టి ఉంటే 1994లో అబ్బాకు కూడా పని ఒక్కరోజులో అయ్యేదేమో. అంకెల పక్కన ఇంకా జాగా మిగిలింది. "ఇక్కడేం కొట్టమంటారు?" అని మిస్త్రీ అడిగాడు. తారీఖు కొట్టమన్నాను.